పడవ బ్యాటరీ, కారు బ్యాటరీ

చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్తే, చీకటి పడ్డాక ఎవరో ఒకరు "ఆ బ్యాటరీ ఇలా ఇవ్వరా" అనేవారు. వాళ్ళకి బ్యాటరీ అంటే టార్చ్ లైటు. నేను ఇంగ్లీషు మీడియం పిల్లవాడిని కదా, మూత తిప్పి లోపలి సెల్స్ తీసి ఇచ్చాను. ఆ నవ్వులు ఇంకా గుర్తున్నాయి. అరవై దాటాక అదే మాట నన్ను ఇంకోసారి బోల్తా కొట్టించింది. ఈసారి చెరువు మధ్యలో.

మా పెన్సిల్వేనియాలో చాలా చెరువుల్లో పెట్రోలు ఇంజన్ నడపకూడదు. ఎలక్ట్రిక్ మోటార్ మాత్రమే వాడాలి. నేను 12 అడుగుల అల్యూమినియం పడవ ఒకటి పాతది కొన్నాను. మోటార్ దానితోనే వచ్చింది, బ్యాటరీ రాలేదు. కొట్టుకి వెళ్ళి, మీద అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న బ్యాటరీ తెచ్చాను. అంకె పెద్దదైతే బలం ఎక్కువ అనుకున్నాను.

మొదటి రెండు సార్లు బాగానే నడిచింది. నాలుగోసారి మనవడిని తీసుకెళ్ళాను. ఒడ్డుకి చాలా దూరంలో ఉండగా మోటార్ శబ్దం సన్నగా అయి ఆగిపోయింది. ఎదురుగాలి మొదలైంది. పడవలో ఒకటే తెడ్డు ఉంది. (తెడ్డు అంటే పడవ నడిపే కర్ర. వంటింట్లో గరిటెని కూడా తెడ్డు అంటారు, జాగ్రత్త.) "తాతా, మనం ఇంటికి వెళ్ళగలమా?" అని వాడు మెల్లగా అడిగాడు. వెళ్తాం నాన్నా అన్నాను కానీ, నాకు భయం వేసింది. చివరికి చేపలు పట్టే ఒక పెద్దాయన మా పడవకి తాడు కట్టి ఒడ్డుకి లాగాడు. నా బ్యాటరీ వైపు ఒకసారి చూసి, "ఇది కారుది" అన్నాడు. అంతే.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. పడవకి బ్యాటరీ అనేది కొత్త ఫ్యాషన్ అనుకునేవాడిని. కాదు. పెట్రోలు కారు పుట్టక ముందే బ్యాటరీతో పడవ నడిచింది.

1838లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, మోరిట్జ్ యాకోబీ అనే శాస్త్రవేత్త నెవా నది మీద 28 అడుగుల పడవని ఎలక్ట్రిక్ మోటార్‌తో నడిపాడు. ఖర్చు జార్ చక్రవర్తి ఖజానా నుంచి వచ్చింది. పడవలో సుమారు 12 మంది ఉన్నారు. వేగం మనిషి నడకంత. అయితే ఆ బ్యాటరీని తిరిగి ఛార్జ్ చేయలేరు. లోపల జింక్ కరిగిపోతూ ఉంటుంది, అయిపోతే కొత్త జింక్ పెట్టాలి. పొయ్యిలో కట్టెలు పెట్టినట్టే, కానీ కట్టెల కంటే చాలా ఖరీదు. చక్రవర్తి డబ్బు ఉన్నా అది సాగలేదు.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులని మధ్యలో గుడ్డ పెట్టి చుట్టగా చుట్టి, ఆమ్లంలో ముంచాడు. (సీసం అంటే ఆ బరువైన లోహం. నేను మొదట సీసా అని చదివి, గాజు రేకులేమిటా అని తల గోక్కున్నాను.) ఈ బ్యాటరీ ఖాళీ అయితే మళ్ళీ నింపవచ్చు. 1881లో కమీల్ ఫోర్ ఆ పలకల మీద సీసం ఆక్సైడ్ ముద్ద పూశాడు. అప్పుడు అది ఎక్కువ విద్యుత్తు దాచుకోగలిగింది, తయారు చేయడమూ తేలికైంది.

వెంటనే దాన్ని పడవల వాళ్ళు అందుకున్నారు. 1882లో లండన్‌లో థేమ్స్ నది మీద 'ఎలక్ట్రిసిటీ' అనే పడవ సీసం బ్యాటరీలతో నడిచింది. 1886లో 'వోల్టా' అనే 37 అడుగుల పడవ ఒక్క ఛార్జ్‌తో ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కి సముద్రం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను ఒక చెరువు దాటలేకపోయాను! 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో 50కి పైగా ఎలక్ట్రిక్ పడవలు జనాన్ని తిప్పాయి. పొగ లేదు, బాయిలర్ పేలుతుందనే భయం లేదు. జర్మనీలో కోనిగ్‌సీ అనే సరస్సు మీద 1909 నుంచి ఈ రోజు వరకు ప్రయాణికుల పడవలు బ్యాటరీతోనే నడుస్తున్నాయి.

అంటే ఆ రోజుల్లో బ్యాటరీకి పని ఒకటే: మెల్లగా, గంటల తరబడి ఇవ్వడం. మరి ఆ అర్థం ఎక్కడ మారింది?

నా లెక్కలో 1912లో మారింది. అంతకు ముందు పెట్రోలు కారుని స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి కొడితే చెయ్యి విరిగేది. ఆ ఏడాది కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. ఇప్పుడు బ్యాటరీకి వేరే పని పడింది. కొన్ని సెకన్లు పెద్ద బలం చూపించాలి, తర్వాత ఇంజన్ తనని నింపుతుంటే ఊరికే కూర్చోవాలి. దీనికి పలుచని పలకలు ఎక్కువ కావాలి. ఆమ్లం తగిలే చోటు ఎంత ఎక్కువైతే ఆ క్షణంలో అంత బలం. కార్లు కోట్ల కొద్దీ పెరిగాయి. దాంతో కొట్లో బ్యాటరీ అంటే కారు బ్యాటరీయే అయిపోయింది, మా అమ్మమ్మ ఊళ్ళో టార్చ్ అయినట్టు.

ఆ పలుచని పలకలని పూర్తిగా ఖాళీ చేస్తే, మీద పూసిన ముద్ద రాలిపోతుంది. నా బ్యాటరీకి జరిగింది అదే. పరుగు పందెం కుర్రాడిని తెచ్చి రోజంతా బస్తాలు మోయించాను. పడవకి కావలసిన డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు మందంగా ఉంటాయి, తక్కువ ఉంటాయి. ఒక్కసారిగా ఇవ్వమంటే ఇవ్వలేదు కానీ, చాలాసేపు ఇస్తుంది, పదే పదే ఖాళీ అయినా తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఇప్పుడు మేము వాడే చిన్న మోటార్ కూడా కారు స్టార్టర్ బిడ్డే. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ష్మిట్ అనే ఆయన పాత ఫోర్డ్ మోడల్ ఏ కారు స్టార్టర్ మోటార్ తీసి, దానికి ప్రొపెల్లర్ తగిలించాడు. మిన్ కోటా కంపెనీ అలా మొదలైంది.

నేను కొన్న బ్యాటరీ మీద ఉన్న ఆ పెద్ద అంకె కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. అంటే గడ్డకట్టే చలిలో 30 సెకన్ల పాటు ఎంత ఇవ్వగలదో ఆ లెక్క. మా పడవకి ఆ అంకెతో పని లేదు. చూడవలసింది ఆంపియర్-అవర్స్. 'మెరైన్' అని రాసి ఉంటే చాలదండీ. స్టార్ట్ చేసే బ్యాటరీల మీద కూడా ఆ మాట రాస్తారు.

లెక్క ఇలా వేశాను. మా మోటార్ పూర్తి వేగంలో 30 ఆంప్స్ తాగుతుంది. బ్యాటరీ 100 ఆంపియర్-అవర్స్. సీసం బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకపోతే ఎక్కువ ఏళ్ళు వస్తుంది. కాబట్టి నాకు ఉన్నది 50. గంటన్నర పైన రావాలి కదా? రాదు. పోయికెర్ట్ అనే జర్మన్ 1897లోనే చూపించాడు, సీసం బ్యాటరీ నుంచి ఎంత త్వరగా లాగితే మొత్తం మీద అంత తక్కువ ఇస్తుందని. డబ్బా మీద 100 అనేది మామూలుగా 20 గంటల పాటు మెల్లగా, 5 ఆంప్స్ చొప్పున లాగితే వచ్చే లెక్క. అందుకే ఇప్పుడు సగం వేగంలోనే వెళ్తాను. సుఖంగా మూడు గంటలు తిరిగి వస్తున్నాం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కూడా చూశాను. బరువు సగం కంటే తక్కువ, ఇంచుమించు మొత్తం వాడుకోవచ్చు. కేరళలో 2017 నుంచి వైక్కం దగ్గర తిరిగే 'ఆదిత్య' అనే సోలార్ పడవ 75 మందిని లిథియం బ్యాటరీల మీదే తీసుకెళ్తుంది. వారానికి నాలుగు రోజులు పడవ వేసేవారైతే అదే కొనండి. నేను నెలకి రెండుసార్లు వెళ్తాను, పైగా గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. అందుకని ప్లాంటే గారి సీసమే తెచ్చుకున్నాను. సుమారు 60 పౌండ్లు. నడుముతో గొడవ లేకుండా ఎత్తడానికి మనవడు ఒక పక్క పట్టుకుంటాడు.

నవంబరులో దాన్ని నిండా ఛార్జ్ చేసి గరాజ్‌లో పెట్టాను. ఖాళీగా వదిలేస్తే పలకల మీద గట్టి పొర కడుతుంది, లోపలి ఆమ్లం నీరులా పలచబడి చలికి గడ్డ కూడా కడుతుంది. నెలకోసారి మీటర్ పెట్టి చూస్తున్నాను. నిన్న 12.6 వోల్ట్‌లు చూపించింది. పడవలో ఇప్పుడు రెండు తెడ్లు ఉన్నాయి.