ఊరి మధ్య చర్చి, పేటలో చర్చి

ఆన్‌సైట్‌లో ఉండగా ఓ శనివారం డర్హమ్ దగ్గర ఎస్కమ్ అనే చిన్న పల్లెటూరికి వెళ్ళాను. అక్కడి చర్చి క్రీ.శ. 675 ప్రాంతంలో కట్టింది. దగ్గర్లోని బించెస్టర్ రోమన్ కోట రాళ్ళు మోసుకొచ్చి కట్టారట. ఫోటోలు తెగ తీశాను. వచ్చాక ఇంజనీరింగ్ రూమ్మేట్‌కి చూపిస్తే వాడు రాళ్ళ సంగతి పట్టించుకోలేదు. "ఇదేంట్రా, చర్చి ఊరి మధ్యలో ఉంది?" అన్నాడు.

నిజమే. మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో నేను చూసిన చర్చిలు చాలావరకు మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఉంటాయి. పాతికేళ్ళు వాటి పక్కనుంచే తిరిగాను గానీ ఎందుకలా అని ఎప్పుడూ అనుకోలేదు.

వెతికితే కథ బందరులో మొదలైంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడ దిగారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు, పై కులాల పిల్లల కోసం. వాళ్ళు మారితే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని లెక్క. (మన మేనేజర్లకి ఈ లెక్క బాగా తెలుసు!) జరిగింది మాత్రం తల్లకిందులు. రాఘవాపురం మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య, దేవుడెవరో తెలుసుకోవాలని తనే వెతుక్కుంటూ బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత కదిలినవి పేటలే. చర్చి కూడా వాళ్ళున్న చోటే లేచింది. ఊళ్ళో జాగా ఎవరిస్తారు?

కొండపల్లిలో కాజీపేట వైపు రైలెక్కితే దోర్నకల్ వస్తుంది. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కేథడ్రల్‌కి మసీదు గుమ్మటాలూ ఉన్నాయి, గుడి స్తంభాలూ ఉన్నాయి. వీలైతే చూసి రండి, ఎస్కమ్‌కేమీ తీసిపోదు.

అసలు తేడా కాయితాల దగ్గర ఉంది. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి పారిష్ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ. ఇప్పుడు జనం వాటిల్లో ముత్తాతల పేర్లు వెతుక్కుని మురిసిపోతుంటారు. మన దగ్గర 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు ఎస్సీలు కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. పేట అదే, ఊరివాళ్ళు పిలిచే పిలుపూ అదే, సర్టిఫికెట్టు మాత్రం వేరు. అందుకని ఆదివారం చర్చికెళ్ళి, సోమవారం దరఖాస్తులో హిందూ అని రాసేవాళ్ళున్నారు. వాళ్ళని అబద్ధాలకోర్లనడం తేలిక. ఒకప్పుడు హాస్టల్లో నేనూ అన్నాను, పక్క మంచం మీద ఎవడున్నాడో తెలీక.

మావాడి తాత వాళ్ళ ఊరి చర్చికి ఇటుకలు మోశాడట. ఆయన బాప్తిస్మం చర్చి రిజిస్టర్లో ఉంది. ఒకసారి చూపించమన్నాను.

"చూడు గానీ ఫోటో తియ్యకు" అన్నాడు.