పడిగె కథ: కోయ డోలి కళాకారుడు – బహిరంగ వేదిక

ఖమ్మం–భద్రాచలం అటవీ సీమలో పాలనాపరమైన సరిహద్దులు పలుమార్లు మారాయి. 1953లో వరంగల్లు నుంచి వేరుపడిన ఖమ్మం జిల్లాలో 1959లో తూర్పుగోదావరికి చెందిన భద్రాచలం డివిజన్ చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. తిరుమలాయపాలెం వంటి మండలాలు ఖమ్మంలో నిలిచాయి. మణుగూరు, భద్రాచలం కొత్త జిల్లాలోకి వెళ్లాయి. ఈ గీతలతో నిమిత్తం లేని చరిత్ర కథనం కోయ సమాజానికి ఉంది. దానికి ఆధారం పడిగె. దాని వ్యాఖ్యాత డోలి కళాకారుడు.

పడిగె త్రికోణాకారపు గుడ్డ జెండా. దానిపై వంశ పురుషులు, వేల్పులు, జంతువుల బొమ్మలు ఉంటాయి. మూడో గట్టు, నాల్గో గట్టు, ఐదో గట్టు అంటూ సాగే కోయ సామాజిక విభాగాల వంశ కథలు ఈ బొమ్మల ఆధారంగా నడుస్తాయి. డోలి వాయిస్తూ కళాకారుడు వాటిని గానం చేస్తాడు. బొమ్మ ఒక్కటే కథను చెప్పదు; పాట ఒక్కటే వంశాన్ని నిర్ధారించదు. రెండింటినీ కలిపి చదవగలిగినవాడు డోలి కళాకారుడు. కనుక అతనిని గాయకునిగా మాత్రమే పరిగణించడం అతని వృత్తిలో సగాన్ని విస్మరించడమే.

ఈ సంప్రదాయానికి అతిపెద్ద బహిరంగ సందర్భం మేడారం జాతర. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే ఈ జాతరకు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. వేర్వేరు ఊళ్ల వేల్పులు ఒక గద్దె చెంతకు చేరడమే ఇక్కడి కథన నిర్మాణం. 1996లో ఇది రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందింది. దానితో శ్రోతల పరిధి విస్తరించింది. అయితే వంశ కథను దాని పేర్లతో, బంధుత్వాలతో అనుసరించగల శ్రోతలు ఈ విశాల సమూహంలో అల్పసంఖ్యాకులే.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ పరిణామానికి ముఖ్య ఉదాహరణ. కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ సమ్మక్క–సారలమ్మల కథను ఆయన గానం చేశారు. 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన మరణించారు. ఆయన గానం జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకుల సేకరణ కృషిలో భాగమైంది. పురస్కారం వ్యక్తిని గౌరవించింది. పడిగెను చదివే విద్య మాత్రం శిష్యులు లేనిదే కొనసాగదు.

ఈ నేపథ్యంలో కళాకారులను ప్రజలతో ముఖాముఖికి తెచ్చే కార్యక్రమాల స్వరూపాన్ని పునరాలోచించవలసి ఉంది. పది నిమిషాల ప్రదర్శన, శాలువా, ఛాయాచిత్రం – ఈ క్రమంలో కళాకారునికి మాట్లాడే వ్యవధి దక్కదు. పడిగెను విప్పి ఒక్కొక్క బొమ్మను వివరించడం, ఆ గట్టు పెద్దలు సవరణలు చెప్పడం, విద్యార్థులు ప్రశ్నించడం, కోయ పాఠాన్ని తెలుగు లిపిలో నమోదు చేయడం జరిగితేనే అది సంభాషణ అవుతుంది. సవరణల మధ్య పాఠభేదాలు బయటపడతాయి. ఆ భేదాలు సాహిత్య చరిత్రకు లోపాలు కావు. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలకు మనమిచ్చే విలువే వీటికీ చెందుతుంది. ఆ విలువనిచ్చే బాధ్యత తెలుగు శాఖలపై ఉంది.