హాజరు పట్టీ చెప్పని చరిత్ర

మన పిల్లల చదువు గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు వినపడేది ఒకటే: "యానాది పిల్లలు బడికి నిలవరు." సోమశిల, అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ఎటు వెళ్లినా ఈ మాట ఉంది. మనలోనే చదువుకున్నవాళ్లు కూడా అప్పుడప్పుడు ఈ మాట అనేస్తుంటారు. ఇది ఇవాళ పుట్టిన మాట కాదు. దీని వయసు దాదాపు నూట యాభై ఏళ్లు. ఎక్కడ పుట్టిందో తెలిస్తే, దీన్ని ఎలా మాన్పించాలో కూడా తెలుస్తుంది.

మొదట మన పాత నెల్లూరు జిల్లా తూర్పు అంచుకు వెళ్దాం. ఇవాళ రాకెట్లు ఎగిరే శ్రీహరికోట అప్పుడు మన పూర్వీకుల అడవి. 1835లో ఆ దీవి కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి యానాదుల చేత అడవి సరుకు సేకరింపజేసి, బదులుగా ధాన్యం, బట్ట, పొగాకు ఇచ్చేవారు. 1857లో వారి పిల్లల కోసం అక్కడ ఒక బడి పెట్టారు. వచ్చిన పిల్లలకు బియ్యం ఇచ్చారు. కొన్నాళ్లకు పిల్లల సంఖ్య తగ్గుతూ వచ్చింది. 1877లో బడి మూసేశారు. బడితోపాటు నడిపిన చేతిపనుల విభాగం కూడా నిలవలేదు.

ఇరవై ఏళ్ల బడి కథను ఆ కాలపు గ్రంథాలు రెండు మూడు వాక్యాల్లో ముగించాయి. అందులో బియ్యం ఉంది, పిల్లల సంఖ్య ఉంది, మూసేసిన సంవత్సరం ఉంది. పిల్లలు ఎందుకు తగ్గారన్న ప్రశ్న మాత్రం లేదు. మన బతుకు తెలిసినవారికి జవాబు వెతకడం కష్టం కాదు. ఇల్లంతా కలిసి అడవికి వెళితేనే ఆ పూట గడిచే కుటుంబంలో పిల్లవాడి చేతులు కూడా లెక్కకు వస్తాయి. తేనె ఎప్పుడు తీయాలో, చిరివేరు ఎక్కడ తవ్వాలో అడవే చెబుతుంది. బడి గంటకూ అడవి కాలానికీ పొత్తు కుదరకపోతే ఓడిపోయేది బడే. కానీ చరిత్రలో ఓడినట్టు రాసింది మన పిల్లల్ని.

ఆ తర్వాత మన పెద్దలకు 'హాజరు' అన్న మాటే భయమైంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. యానాదులనూ ఎరుకలనూ ఆ పట్టికలోకి ఎక్కించారు. పేరు నమోదైనవాళ్లు పిలిచినప్పుడల్లా అధికారుల ముందు కనపడాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఎవరో పట్టీ తెరిచి పేరు పిలిస్తే పలకడం అంటే అప్పుడు దొంగ కాదని నిరూపించుకోవడం. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు నెల్లూరు కేంద్రంగా యానాదుల పక్షాన పనిచేశారు, ఆ చట్టం పోవాలని పోరాడారు. దేశమంతటా అది రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే పోలీసు పట్టీ నీడలో పెరిగినవారి పిల్లలే మన బడుల్లో తొలితరం. ఆ తరం గడప దాటడానికి వెనకాడితే, దాన్ని చదువంటే ఇష్టం లేకపోవడమని రాయడం అన్యాయం.

ఇప్పుడు మన పడమటి కొసకు వద్దాం. పెన్న కొండల్ని చీల్చుకుని బయటపడే చోట సోమశిల ఆనకట్ట ఉంది. నిండితే 78 టీఎంసీల నీరు. ఆ నీటిమీద చేపలవేట, కింద పొలాల్లో కూలి, తోటల్లో కాపలా, కొన్ని నెలలు తూర్పున రొయ్యల గుంటల దగ్గర పని. మనవాళ్ల సంవత్సరం ఇలా తిరుగుతుంది. కుటుంబం కదిలితే పిల్లవాడూ కదులుతాడు. పేరు పట్టీలో ఉంటుంది, పిల్లవాడు గుంటగట్టు మీద ఉంటాడు. శ్రీహరికోట కథే చోటు మార్చుకుని వచ్చింది.

అయితే మధ్యలో తరగతి గదిలో ఒక మంచి మార్పు జరిగింది. దాన్ని మన యువత తెలుసుకోవాలి. 1984లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా సాగింది. పాత ఉపాధ్యాయులు దాన్ని 'ఏపీపెప్' అంటారు. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయులే అభ్యసన కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా, జట్టుగా, తరగతి మొత్తంగా పనిచేయాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను గమనించి నేర్పాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గోడమీద ప్రదర్శించి, గదిని చక్కగా అమర్చుకోవాలి.

ఈ ఆరింటిలో 'స్థానిక పరిసరాలు' అన్న సూత్రం మనకోసమే రాశారా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి పాఠం బయటినుంచే వచ్చింది. మన పిల్లవాడికి ముందే ఏదో తెలిసి ఉంటుందని తరగతి గది ఒప్పుకున్నది ఇక్కడే. నీటి రంగు చూసి లోతు చెప్పే పిల్ల మన దగ్గర ఉంది. బొరియ ముందు మట్టి చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పే పిల్లవాడు ఉన్నాడు. కొరమీనునూ జెల్లనూ వాలుగనూ చీకట్లో చేతితో తడిమి గుర్తుపట్టేవాళ్లున్నారు. ఇది పరిశీలన కాకపోతే మరేది పరిశీలన?

దీన్ని పాఠంగా మార్చడానికి ఖర్చేమీ అక్కర్లేదు. పది పుల్లలు కట్ట కడితే పదుల స్థానం. చింతగింజలతో కూడిక, తీసివేత. పిల్లలు చెప్పిన చేపల పేర్లు నల్లబల్లమీద రాస్తే అదే మొదటి వాచకం: 'వల', 'జెల్ల', 'గాలం'. ఈ మూడు మాటల్లో వత్తుంది, గుణింతముంది, సున్నా ఉంది. తాత దగ్గర తెలుసుకున్న ఆకు పేరు చెప్పి, దాని బొమ్మ గీసి, కింద తన పేరు రాసి గోడకు అంటించిన పిల్ల మర్నాడు ఆ గోడ చూసుకోవడానికైనా బడికి వస్తుంది. శ్రీహరికోట బియ్యం చేయలేకపోయిన పని ఒక కాగితం ముక్క చేస్తుంది.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన పిల్లలకు చేపల పాఠం చాలులే అనుకుంటే అది మరో మోసం. వల దగ్గర మొదలైన పాఠం వల దగ్గరే ఆగకూడదు. రొయ్యల గుంట దగ్గర, తోట దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబం లెక్క ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. పుస్తకం యజమానిది, వేలిముద్ర మనది. తీసుకున్నదెంత, తీరిందెంత, ఇంకా ఉన్నదెంత అన్న మూడు ప్రశ్నలకు ఆ ఇంటి అయిదో తరగతి పిల్ల జవాబు చెప్పగలిగితే దాన్ని ప్రగతి అంటాం. చెప్పలేకపోతే ప్రగతి పత్రంలో ఏ గ్రేడు ఉన్నా ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. 2001 జనాభా లెక్కల్లో రాష్ట్ర ఎస్టీల అక్షరాస్యత 37 శాతం. అంటే ఎన్ని ఇళ్లలో లెక్క ఇతరుల చేతిలో ఉందో ఊహించుకోవచ్చు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఇందుకు మనకు ఆధారం. బడి మానిన పిల్లవాణ్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన పాఠం అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అది చెప్పింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలనీ చెప్పింది. చాలాచోట్ల జరిగేది మొదటి సగమే. నాలుగు నెలలు వలస వెళ్లి వచ్చిన పిల్లవాణ్ని నాలుగో తరగతిలో కూర్చోబెడతారు, వాడి చేతిలో రెండో తరగతి పాఠం కూడా ఉండదు. వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటాడు, మళ్లీ వలస రాగానే వెళ్లిపోతాడు. పట్టీలో మాత్రం 'నిలవడు' అని పడుతుంది.

ఉపాధ్యాయులను మనం అడిగేది పెద్దదేమీ కాదు. వలస వెళ్లి వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ కేటాయించండి. వెళ్లేనాటికి ఏం చదవగలిగాడు, వచ్చేనాటికి ఏం మిగిలింది, నెల తర్వాత ఎంత ముందుకు వచ్చాడు, ఇవి రాయండి. పక్కవాడితో పోల్చకండి, నిన్నటి వాడితోనే పోల్చండి. చదువుకున్న మన యువత సాయంత్రం ఒక గంట కాలనీలో కూర్చుని ఆ పేజీ ముందుకు సాగేలా చూడాలి.

1877లో మూసేసిన బడి గురించి మనకు మిగిలినవి ఇతరులు రాసిన రెండు మూడు వాక్యాలే. అందులో ఒక్క పిల్లవాడి పేరు లేదు. సోమశిల చుట్టూ ఇవాళ పలక పట్టిన పిల్లల చరిత్ర కూడా అలాగే పోకూడదు. ఎవరు వచ్చారు, ఎందుకు వెళ్లారు, తిరిగొచ్చి ఏం నేర్చుకున్నారు అన్నది ఈసారి మనమే రాసుకుందాం.