తూర్పార నుంచి గాలింపు దాకా: వేరుచేసే క్రియలు పర్యాయపదాలేనా?

గింజ నుంచి తాలును, పొట్టును, రాళ్లను వేరుచేసే క్రియలు తెలుగులో చాలా ఉన్నాయి: తూర్పారబట్టు, చెరుగు, నేము, జల్లించు, గాలించు, ఏరు. ద్రవాల విషయంలో వడగట్టు, వడపోయు. ఒక క్రియకు అర్థంగా ఇంకో క్రియను చూపి సరిపెట్టడం మన నిఘంటువుల్లో పరిపాటి. కళ్లంలో, వంటింట్లో ఈ పనులు చేసినవాళ్లెవరూ అలా కలిపెయ్యరు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించి దారి చూపింది. తర్వాతివాళ్ల శ్రద్ధ పనిముట్ల పేర్ల మీద నిలిచినంతగా వాటితో చేసే పనుల మీద నిలవలేదు. ఈ క్రియలు పర్యాయపదాలు కావనీ, వాటి లాక్షణికార్థాలు కూడా పని తీరు నుంచే పుట్టాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

తూర్పుగాలి వాదం

ముందుగా తేల్చుకోవలసింది తూర్పుగాలి వాదం సంగతి. తూర్పు నుంచి వీచే గాలికి ఎగరబోస్తారు కనుక తూర్పారబట్టడం అనే మాట వచ్చిందని తరగతి గదుల్లో చెబుతూనే ఉన్నారు, వ్యాసాల్లో రాస్తూనే ఉన్నారు. వినడానికి ఇంపుగా ఉన్నా ఈ వాదం నిలవదు. తమిళంలో తూఱ్ఱు, కన్నడంలో తూరు అంటే గాలికి ఎగరబోయడమే. ఆ భాషల్లో తూర్పు దిక్కుకు కిళక్కు, మూడణ అనే వేరే మాటలున్నాయి. తూర్పు అనే దిక్కు పేరే వాడని తమిళులు, కన్నడిగులు ఆ దిక్కు పేరుతో ఎగరబోత క్రియను ఎలా పుట్టించుకుంటారు? మన తూర్పెత్తు, తూరుపిడి అనే రూపాల్లో ఉన్నది ఆ పాత ద్రావిడ ధాతువే. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత మూడు భాషల్లోనూ ఉంది, అది కూడా గాలి ఏ దిక్కుదో చెప్పదు. సంక్రాంతి ముందు కోస్తా కళ్లాల మీద తూర్పు, ఈశాన్యపు గాలులు వీచే మాట నిజమే. కానీ రైతు గాలికి ఎదురు చూస్తాడు గాని దిక్కుకు కాదు.

తమిళ తూఱ్ఱుకు ఇంకో అర్థం కూడా ఉంది: ఒకరిని నలుగురిలో నిందించడం. తెలుగులో తూర్పారబట్టడం అంటే ఈనాడు ఎక్కువమందికి తెలిసింది ఆ అర్థమే. నిందించడమనే అర్థంలో మనకున్న దూఱు కూడా ఈ కుదురుకే చెందుతుందని నా అనుమానం. అదే నిజమైతే తూర్పారకు నింద అనే అర్థం పత్రికలు తగిలించింది కాదు, అవి పుట్టక ముందే ఉన్నది.

చేటలో జరిగేది

ఇక పనులు చూద్దాం. నూర్చిన వడ్లను చేటకెత్తి, తలకంటే ఎత్తున పట్టుకుని, గాలివాటు చూసి సన్నని ధారగా వదిలితే గట్టిగింజ కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. తాలు కాస్త ఎడంగా, పొట్టు ఇంకా దూరంగా పడతాయి. ఇక్కడ తీర్పు చెప్పేది గాలి. చెరగడంలో గాలిని చెయ్యే పుట్టిస్తుంది: చేటను పైకి కిందికి విదిలించిన ప్రతిసారీ తవుడూ ఊకా చేట అంచు దాటి ఎగిరిపోతాయి. నేమడం అలా కాదు. చేటను కొద్దిగా వంచి, పక్కలకు మెల్లగా కదుపుతూ పోతే నూకలు ఒక వైపుకు, బియ్యం ఒక వైపుకు జరుగుతాయి. ఎగిరేది ఏదీ ఉండదు, అంతా మణికట్టు నేర్పు. జల్లించడంలో చూసేది గింజ పరిమాణం, బరువు కాదు. గాలించడానికి నీళ్లు కావాలి: గిన్నెలో బియ్యాన్ని తిప్పుతూ నీళ్లతో పాటు ఇంకో గిన్నెలోకి వంచుకుంటూ పోతే రాళ్లు అడుగున మిగులుతాయి. ఏరడానికి కన్నూ వేలూ చాలు.

లాక్షణికార్థాల లెక్క

ఈ తేడాలే లాక్షణికార్థాలను నిర్ణయించాయి. పనికిరానిది అందరి కళ్లముందు ఎగిరిపోయే పనులు తూర్పార, చెరగడం. అవి విమర్శకు మాటలయ్యాయి: ప్రతిపక్షాన్ని తూర్పారబట్టారు, ఎదుటివాణ్ణి చెరిగేశాడు. కంటికి కనపడకుండా దాగినదాన్ని పట్టుకునే పనులు గాలించడం, జల్లెడ పట్టడం. అవి పోలీసుల పాలయ్యాయి: నిందితుడి కోసం ముమ్మర గాలింపు, అడవిని జల్లెడ పట్టిన బలగాలు. కావలసినది చేతిలోనో పాత్రలోనో నిలిచే పనులు ఏరడం, వడపోయడం. అవి ఎంపికను చెప్పాయి: ఏరికోరి తెచ్చుకున్న కోడలు, అభ్యర్థుల జాబితా వడపోత. గాలింపు జరగవలసిన చోట తూర్పార అంటే తెలుగువాడి చెవి ఒప్పుకోదు. ఏరివేత అనే మాట నిర్మూలనను చెప్పడం ఈ సూత్రానికి కాస్త అడ్డు తగులుతుంది గాని అక్కడ అర్థాన్ని మార్చింది వెయ్యడమనే రెండో క్రియ.

ఈ వరసలో చోటు దక్కనిది నేమడం ఒక్కటే. రాజకీయ వార్తకూ సాహిత్య విమర్శకూ అది ఎక్కలేదు. వంటింటి గడప లోపల, చప్పుడు లేకుండా ఆడవాళ్ల చేతుల్లో జరిగిన పని కావడం దీనికి ఒక కారణం కావచ్చు. కళ్లం నలుగురూ చూసే చోటు. అక్కడి పనులు రాతలోకి వచ్చాయి. ఇంటి పనుల్లో చెరగడం, గాలించడం, ఏరడం కూడా వచ్చాయి గాని, ఎగిరేది ఏదీ లేని ఈ పని మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మన సాహిత్య విమర్శ కూడా ఈ పక్షపాతాన్నే మోస్తోంది. ఎగరగొట్టడాన్నే విమర్శ అనుకున్నాం. నూకనూ బియ్యాన్నీ రెంటినీ చేటలోనే ఉంచుకుని ఓపికగా విడదీసే పద్ధతికి పేరు పెట్టుకోలేదు. కనుక రాబోయే పర్యాయపద నిఘంటువులు ఈ క్రియలను అర్థాన్ని బట్టి కాక పనిముట్టును బట్టి, పని జరిగే చోటును బట్టి, పనికిరానిది పోయే దారిని బట్టి వర్గీకరించాలి. నేమడాన్ని విమర్శ పరిభాషలోకి తెచ్చుకోవాలి.