యుబిక్విటిన్

లాటిన్‌లో ‘ఉబీక్వే’ అంటే అంతటా అని. 1975లో బయటపడ్డ ఓ బుల్లి ప్రోటీన్ జంతువుల్లోనూ మొక్కల్లోనూ ఎక్కడ వెతికినా కనిపించింది. అందుకే ఆ పేరు. అప్పటికి అది చేసే పనేమిటో తెలియదు. ఆ పని తేల్చిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చాల్సిన గోడకు ఎర్రరంగు గీత పెడతారు కదా, యుబిక్విటిన్ కూడా అలాంటిదే. 76 అమైనో ఆమ్లాల ఈ గుర్తు ఏదైనా ప్రోటీన్‌కు గొలుసుగా అంటుకుందంటే సాధారణంగా దానికి నూకలు చెల్లినట్టే. కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది.

ఆక్సిజన్ అందనప్పుడు కణాన్ని అప్రమత్తం చేసేది హిఫ్ అనే ప్రోటీన్. ఆక్సిజన్ ఉన్నప్పుడు దానికి ఆ గుర్తు వేయించేది వీహెచ్ఎల్ అనే మరో ప్రోటీన్. చాలా మూత్రపిండ క్యాన్సర్లలో చెడిపోయేది ఈ వీహెచ్ఎల్లే. పోవలసిన హిఫ్ పోగుపడుతుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం ఊపిరాడనట్టు అల్లాడుతుంది. కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, కణితి వాటి మీదే బలుస్తుంది.