ఏటిగట్టు మీద 46వ కీర్తన

కొబ్బరి డొక్కలు ఇంకో రెండు వెయ్యరా అబ్బాయ్, ఏటి మీద నుంచి చలిగాలి కొడతంది. దగ్గరికి జరగండర్రా. పొద్దున్న గుడిలో పాస్టరు గారు 46వ కీర్తన చదువుతుంటే మామ్మ కళ్ళెందుకు తుడుచుకుందని అడిగారు కదా, చెప్తాను. కాకపోతే ఆ కథ నాతో మొదలవలేదు. మా తాతల కాలం నుంచి చెప్పుకురావాలి.

ఇప్పుడు మీరు చూసే ఈ పచ్చటి కోనసీమ అప్పట్లో లేదు. గోదారి పక్కనే ఉండి జనం తిండి లేక చచ్చిపోయేవారు. వరదొస్తే పంట కొట్టుకుపోయేది, వాన మొహం చాటేస్తే పంట మాడిపోయేది. 1833 ప్రాంతంలో వచ్చిన కరువు గురించి మా నాయనమ్మ చెప్పేది. ఆవిడకి వాళ్ళ నాయనమ్మ చెప్పిందంట. ఆ తర్వాత కాటన్ దొర వచ్చి, 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలెట్టి 1852కి ముగించాడు. ఆయన దైవభక్తుడు. ఆ రాళ్ళూ మట్టీ మోసిన కూలీల్లో మన ఇంటి మనిషి కూడా ఉన్నాడని మా నాన్న గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ కూలీల మధ్యకే బౌడెన్ దొర వచ్చాడు. ఈయన సంగతి బాగా వినండి, బళ్ళో ఎవరూ చెప్పరు. విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు, ఇంగ్లండులో బార్న్‌స్టపుల్ అనే ఊరివాళ్ళు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారి వెంట భార్యల్ని తీసుకుని ఓడెక్కారు. నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ వెనకాల లేదు. నరసాపురంలోనూ పాలకొల్లులోనూ కాపురం పెట్టారు. ఒకాయన రాళ్ళు చెక్కే తాపీపనివాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టే దొర! మన పేటల్లో వాళ్ళకి ఆ ఒక్క మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. తోలు ముట్టుకున్న చేతిని ఊళ్ళోకి రానివ్వని రోజులవి. అలాంటిది తోలు పని తెలిసిన చేత్తోనే దేవుడి పుస్తకం పట్టుకుని ఒక మనిషి మన గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను పంతులమ్మగా చేసినన్నాళ్ళూ ఈ సంగతి పిల్లలకి చెప్పకుండా ఏ ఏడూ గడవనివ్వలేదు.

రాజమండ్రి వైపు లూథరన్ వాళ్ళు పనిచేశారు. అక్కడి మిషను మూతపడి చేతులు మారిపోయేట్టుంటే వాళ్ళ పాత మిషనరీ హేయర్ అయ్యగారు డెబ్బై ఆరేళ్ళ వయసులో, 1869లో, అమెరికా నుంచి మళ్ళీ బయల్దేరి వచ్చి దాన్ని నిలబెట్టారు. కాకినాడ, రామచంద్రపురం వైపు కెనడా బాప్టిస్టులు. బళ్ళూ, ఆసుపత్రులూ అన్నీ అలా వచ్చినవే.

ఊరికే రాలేదు లెండి ఏదీ. బాప్తిస్మం తీసుకున్నవాడిని పొలం పనికి పిలవడం మానేసిన ఆసాములున్నారు. మన రోజుల్లోనూ అంతే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మీ చిన్నాన్న ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకునేటప్పుడు ఆ మాట మన ఇంట్లో ఎన్నిసార్లు వచ్చిందో మీకు తెలుసు. అయినా మా నాన్న గుడి మానలేదు. కష్టమొస్తే పరిగెత్తడానికి మనకి పొలమా, డబ్బా, పెద్దింటి అండా? దేవుడొక్కడే ఉన్నాడని, ఆయన ముందు మాత్రం తల ఎత్తుకుని నిలబడొచ్చని మా నాన్న అనేవాడు.

ఇక 1986 వరద సంగతి. ఆగస్టు నెల. ఎర్రనీళ్ళు రావడం మన లంకవాళ్ళకి కొత్త కాదు. ఏటా వస్తాయి, పోతాయి. ఆ ఏడు మాత్రం రేడియోలో భద్రాచలం దగ్గర గోదారి 75 అడుగులు దాటిందన్నారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులన్నారు. అంత నీరు మా అత్తగారు కూడా ఎరగదు. గట్టుకి గండి పడిందని కేక వినపడేసరికి చీకటి పడిపోయింది. గుడి గంట ఆగకుండా మోగింది. మన పేటలో అప్పటికి డాబా అంటే గుడి ఒక్కటే, మిగతావన్నీ తాటాకు ఇళ్ళు. పిల్లల్ని భుజానేసుకుని, ముసలివాళ్ళని మంచాల మీద మోసుకుని అందరం మెట్లెక్కాం. కాసేపటికి పైవీధి వాళ్ళు కూడా నీళ్ళలో ఈడ్చుకుంటా వచ్చారు. ఒకప్పుడు వాళ్ళ నూతి దగ్గరికి మనల్ని రానివ్వని ఇళ్ళవాళ్ళూ ఉన్నారందులో. పాస్టరు గారు కిందకి దిగి, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యందించి ఎక్కించారు. ఎవరిది ఏ కులమని ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

తిండి ఏదని అడుగుతున్నావా అమ్మాయ్? పిడికిలి బియ్యం. మీ అమ్మ ఇప్పటికీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది చూడు, దేవుడికని. ఆ నెల బియ్యమంతా గుడిలోనే మూటలు కట్టి ఉంది. మూటలు పైకి చేర్చి, మూడు ఇటుకలు పెట్టి, విరిగిన బెంచీ చెక్కలు మంటపెట్టి గంజి కాశాం. పేట ఆడవాళ్ళు ఒక్కొక్క పిడికెడు దాచింది రెండు పూటలు అందరికీ సరిపోయింది. పైవీధి ఆవిడొకావిడ మన కుండలో గంజి తాగి, గ్లాసు కడిగి నా చేతికిచ్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

రాత్రంతా పాడాం. పురుషోత్తమ చౌధరి గారు రాసిన పాటలు మా అత్తగారికి పుస్తకం చూడకుండా వచ్చేవి. చరణం ఆవిడ అందుకుంటే పల్లవి మేమందరం. తెల్లారగట్ట పాస్టరు గారు లాంతరు వెలుగులో 46వ కీర్తన చదివారు. భూమి కదిలిపోవడం, సముద్రం ఘోషపెట్టి పొంగడం అందులో ఉన్నాయి. దేవుణ్ణి నమ్ముకుంటే వరద రాదని ఆ కీర్తన ఎక్కడా చెప్పదు. వరద వచ్చి నిలబడ్డాక మనం ఎవరి దగ్గర ఉన్నామో చెబుతుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో మేము. అప్పుడే నాకు ఆ కీర్తన అర్థమైంది.

తర్వాత పదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. వరద చెప్పి వస్తుంది, ఇది అలా కాదు. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. నలభై ఏళ్ళు పెంచిన తోట తెల్లారేసరికి లేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. జిల్లాలో వెయ్యి మంది దాకా పోయారు. నాతో బళ్ళో చేసిన ఒక టీచరమ్మ తమ్ముడు కూడా వేటలోనే పోయాడు. కీర్తనలో అన్నట్టు దేవుడు ఆశ్రయమైతే వాడెందుకు పోయాడని ఆవిడ నన్నడిగింది. ఏం చెప్పను? చెప్పలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. కానీ నలభై రోజులు సంఘం ఆడవాళ్ళం వంతులేసుకుని ఆవిడ ఇంట్లో పడుకున్నాం. అన్నం వండి పెట్టాం, సాయంత్రం ప్రార్థన చేశాం. ఆవిడ మళ్ళీ బడికొచ్చింది, పిల్లలకి పాఠం చెప్పింది. దేవుడు బలం ఇస్తాడంటే ఎలా ఇస్తాడో నేను చూసింది అదే.

కాబట్టి పొద్దున్న కళ్ళు తుడుచుకున్నది దుఃఖంతో కాదు, ఆ వరద రాత్రి గుర్తొచ్చి. ఆ డాబా మీద మా పక్కన నిలబడ్డవాళ్ళు చాలామంది పోయారు. మన సంఘంలో ఇంకా ఉన్నవాళ్ళ దగ్గరికి ఈ క్రిస్మస్ సెలవుల్లోనే వెళ్ళండి. ఆ రాత్రి ఎవరు ఏ పాట ఎత్తుకున్నారో, ఎవరు ఎవర్ని మోసుకొచ్చారో అడిగి మీ ఫోనుల్లో పట్టుకోండి. 46వ కీర్తన మాత్రం ఫోనులో చూసి చదవడం కాదు, నోటికి రావాలి. పదకొండు వచనాలే. రేపు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కళ్ళూ నాకు అప్పజెప్పండి.