పాట ఎవరిది? సంతకం ఎవరిది?

ఒక పాత ఎల్పీ రికార్డు అట్ట మీది ఫొటోతో మొదలుపెడదాం. 1969లో వచ్చిన రికార్డు. పేరు 'విల్లీ అండ్ ద పూర్ బాయ్స్'. అమెరికాలోని ఓక్లాండ్‌లో డక్ కీ మార్కెట్ అనే దుకాణం ముందు నలుగురు తెల్ల కుర్రాళ్లు వాయిస్తుంటారు. నల్ల పిల్లలు నిలబడి చూస్తుంటారు. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది ఆ ఊళ్లోనే. 1972లో బొంబాయి దళిత యువకులు ఆ పేరునే తీసుకొని దళిత్ పాంథర్స్ అయ్యారు.

ఆ నలుగురి బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. పాటలు దాదాపు అన్నీ జాన్ ఫోగర్టీవే. రాసేదీ, పాడేదీ అతనే. 1969 ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు తెచ్చారు.

ఈ రికార్డు రెండో వైపు మొదటి పాట 'ఫార్చునేట్ సన్'. పెద్దింటి కొడుకులు తప్పించుకుంటారు, పేదింటి కొడుకులు వియత్నాం పోతారు అన్న కోపం అందులో ఉంది. 1968 డిసెంబర్‌లో మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవడికీ, అధ్యక్షుడిగా అప్పుడే గెలిచిన నిక్సన్ కూతురికీ పెళ్లయింది. ఆ పెళ్లి తన కోపాన్ని రగిలించిందని ఫోగర్టీయే చెప్పాడు.

ఈ పాట గురించి అందరూ రాస్తారు. నేను అడగదలుచుకున్నది అదే రికార్డులోని మరో రెండు పాటల గురించి. ఒకటి 'కాటన్ ఫీల్డ్స్', రెండోది 'మిడ్‌నైట్ స్పెషల్'. ఒకటి పత్తి చేలది, ఇంకొకటి జైలుది. కాలిఫోర్నియా తెల్ల కుర్రాళ్లకు ఇవెలా చేరాయి?

ముఖ్యంగా లెడ్ బెల్లీ గొంతు నుంచి. అసలు పేరు హడ్డీ లెడ్‌బెటర్. లూసియానాలో పుట్టిన నల్ల గాయకుడు. 1933లో అంగోలా జైల్లో ఖైదీగా ఉన్నాడు. ఒకప్పుడు బానిసలతో సేద్యం చేయించిన తోటే ఆ జైలు. జానపద గేయాల సేకర్త జాన్ లోమాక్స్, కొడుకు ఆలన్‌తో కలిసి రికార్డింగ్ యంత్రం తీసుకొని అక్కడికి వెళ్లాడు. మరుసటి ఏడాది లెడ్ బెల్లీ విడుదలయ్యాడు. లోమాక్స్ అతన్ని వెంట తిప్పుకుని పాడించాడు, కారూ నడిపించాడు. 1935లో డబ్బు దగ్గర ఇద్దరికీ చెడింది. 1949 డిసెంబర్‌లో లెడ్ బెల్లీ పోయాడు. 1950లో అతని 'గుడ్‌నైట్ ఐరీన్'ను వీవర్స్ అనే తెల్ల బృందం పాడితే, అది 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాట కర్తలుగా రెండు పేర్లు ఉంటాయి. రెండోది లోమాక్స్‌ది.

క్రీడెన్స్ రికార్డు మీద 'కాటన్ ఫీల్డ్స్'కి లెడ్ బెల్లీ పేరు ఉంది. 'మిడ్‌నైట్ స్పెషల్'కి మాత్రం 'సంప్రదాయ గేయం' అని ఉంది. అది అబద్ధం కాదు. లెడ్ బెల్లీ కంటే ముందే ఆ పాట దక్షిణాది ఖైదీల నోట ఉంది. కానీ ఆ మాట చెప్పగానే కట్టినవాళ్ల లెక్క మూసేసినట్టే.

ఇప్పుడు అసలు విచిత్రం. ఫాంటసీ రికార్డ్స్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల ఫోగర్టీ పాటల హక్కులు కంపెనీ పాలయ్యాయి. తన పాటలు తానే చాలా ఏళ్లు పాడలేదు. 1985లో కొత్త పాట తెస్తే, 'మా దగ్గరున్న నీ పాత పాటను కాపీ కొట్టావు' అని కంపెనీ కేసు పెట్టింది! 1988లో అతను కోర్టు బోనులో గిటార్ వాయించి చూపించి గెలిచాడు. లాయరు ఖర్చుల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1994లో అక్కడా గెలిచాడు. 2023లో, 77 ఏళ్ల వయసులో, పాటల ప్రచురణ హక్కుల్లో అధిక వాటా కొనుక్కున్నాడు. తన పాటలు తానే కొనుక్కున్నాడు!

అతనికి జరిగింది అన్యాయమే. అయినా అతనికి చూపించడానికో కాగితం ఉంది, అడగడానికో కోర్టు ఉంది, దాదాపు 50 ఏళ్ల ఆయుష్షు ఉంది. అంగోలా చేలల్లో పాడినవాళ్లకు ఏముంది? చట్టం చెమటను చూడదు, సంతకాన్ని చూస్తుంది. అక్షరం ఎవరి చేతిలో ఉంటే పాట వాళ్లదవుతుంది.

తరగతిలో జానపద గేయాలు చెప్పేటప్పుడు 'కర్త అజ్ఞాతం' అని నేనూ బోర్డు మీద రాశాను. ఇప్పుడు చెయ్యి ఆగుతుంది. కర్త తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ నాయనమ్మ పాట ఫోన్‌లో రికార్డు చేస్తే ముందు ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించండి. పాట ఆ తర్వాత.